ఒకే కోడ్‌బేస్‌పై పలు ఏఐ ఏజెంట్లు: పని పంచడం నుంచి మెర్జ్ దాకా సమగ్ర మార్గదర్శి

ఒక ఏఐ ఏజెంటు చేత, అంటే ఫైళ్లు చదివి, మార్చి, చెప్పిన పనిని తానే పూర్తిచేసే ప్రోగ్రాము చేత, కోడు రాయించుకోవడం ఇప్పుడు చాలా బృందాలకు అలవాటైపోయింది. చిక్కంతా దాని పక్కన రెండోదాన్ని, మూడోదాన్ని పెట్టినప్పుడు మొదలవుతుంది. రెండు ఏజెంట్లు ఒకే ఫైలులో ఒకే చోటును తిరగరాస్తే, కోడు మార్పులను నమోదు చేసే గిట్ వాటిని కలిపేటప్పుడు పట్టిస్తుంది కాబట్టి అది పెద్ద బాధ కాదు. గిట్‌కు కనబడని బాధ వేరే ఉంది. ఒకే ప్రశ్న ఎదురైనప్పుడు రెండు ఏజెంట్లు ఎవరి సెషన్‌లో అవి, ఎవరినీ అడగకుండా, రెండు వేర్వేరు జవాబులు ఖాయం చేసుకొని ముందుకు సాగిపోతాయి. ఆ రెండు జవాబులూ విడివిడిగా చూస్తే సబబుగానే ఉంటాయి, కలిపినప్పుడే పొంతన కుదరదు. కింది అడుగుల్లో చాలా భాగం ఇలాంటి చెప్పకుండా తీసుకున్న నిర్ణయాలను పని మొదలవక ముందే రాతలో పెట్టడానికీ, అప్పటికీ తప్పించుకొన్నవాటిని మెర్జ్ దగ్గర, అంటే మార్పులను కలిపే చోట, ఆపడానికీ ఉద్దేశించినవి.

విషయం గాలిలో తేలకుండా ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా పట్టుకొని నడుద్దాం. రక్తపరీక్షల ల్యాబులకు అపాయింట్‌మెంట్లు ఇచ్చే ఒక వెబ్ యాప్ ఉందనుకోండి. వెనుక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది, అన్నీ ఇంగ్లీషులోనే నడుస్తున్నాయి. ఇప్పుడు దానికి తెలుగు కావాలి. తెరలన్నీ తెలుగులో కనిపించాలి, రోగి పేరు తెలుగులో నమోదు కావాలి, ఆ పేరుతో వెతికితే దొరకాలి, రసీదు పీడీఎఫ్‌లో ఒత్తులు చెదరకుండా రావాలి, ఎస్సెమ్మెస్ తెలుగులో వెళ్లాలి. పైకి ఐదు ముక్కలుగా విడిపోయే పనిలాగే కనిపిస్తుంది. నిజంగా అలా విడిపోతుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

1. విడదీయవలసిన పనేనా అని ముందు తేల్చుకోండి

ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను కలిపితే అది మరింత ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. ముగ్గురు పని చేస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన దారులు 3, ఐదుగురైతే 10, పదిమందైతే 45. ఏజెంట్ల విషయంలో ఈ లెక్క మరో రూపంలో బాధిస్తుంది. పక్క కుర్చీలోని మనిషి భోజనాల దగ్గరైనా ఒక మాట చెవిన వేస్తాడు. ఏజెంటుకు తన సెషన్ బయట ఏం జరుగుతోందో మీరు చెబితే తప్ప తెలియదు.

కంప్యూటర్ల రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ 1967లో చూపిన లెక్క కూడా ఇక్కడ పనికివస్తుంది. పనిలో 40 శాతం ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే జరగగలిగినదైతే, మిగిలినదాన్ని ఎన్ని ఏజెంట్లకు పంచినా మొత్తం వేగం రెండున్నర రెట్లకు మించదు. తెలుగు జోడింపులో పేరు పొడవు ఎలా లెక్కించాలి, పేరును ఏ రూపంలో దాచాలి, అనువాదాల కీలకు, అంటే కోడులో ఒక్కో వాక్యాన్ని పిలిచే గుర్తులకు, ఏ పేర్లు పెట్టాలి అన్నవి ముందే తేలవలసినవి. అవి తేలకుండా మిగతా పని ఏదీ నిలకడగా సాగదు.

2025 జూన్‌లో ఈ విషయంపై రెండు ఎదురెదురు వాదనలు వచ్చాయి. పలు ఏజెంట్లతో నడిచే తమ పరిశోధన వ్యవస్థ ఒంటరి ఏజెంటు కంటే బాగా పనిచేసిందనీ, అయితే మామూలు చాట్‌తో పోలిస్తే సుమారు 15 రెట్ల టోకెన్లు (మోడల్ చదివే, రాసే పాఠపు ముక్కలు) ఖర్చయ్యాయనీ ఏఐ సంస్థ ఆంత్రోపిక్ రాసింది. కోడింగ్‌లో సమాంతరంగా విడిపోయే పని పరిశోధనలో కంటే తక్కువేనని అదే వ్యాసంలో ఒప్పుకొంది. ప్రతి చర్య వెనుకా చెప్పని నిర్ణయం ఒకటి ఉంటుందనీ, సందర్భమంతా పంచుకోని ఏజెంట్లు ఒకదానికొకటి పొసగని ముక్కలు తయారు చేస్తాయనీ కోడింగ్ ఏజెంట్లను తయారుచేసే కాగ్నిషన్ సంస్థ అదే నెలలో వాదించింది. నా లెక్కలో ఈ రెండింటికీ వైరం లేదు. చదివే పనిని ఎన్ని ఏజెంట్లకైనా నిశ్చింతగా పంచవచ్చు. రాసే పనిని పంచాలంటే మాత్రం నిర్ణయాలు ముందే ఖాయమై ఉండాలి.

అందువల్ల మొదటి విడతలో ఏజెంట్లకు ఫైళ్లు మార్చే అనుమతే ఇవ్వకండి. ఒకదాన్ని కోడులో నేరుగా రాసేసిన ఇంగ్లీషు వాక్యాలన్నీ వెతకమనండి. రెండోదాన్ని పేరు పొడవును పరీక్షించే, కత్తిరించే, పెద్దక్షరాలకు మార్చే చోట్లన్నీ వెతకమనండి. మూడోదాన్ని యాప్ నుంచి బయటికి వెళ్లే ప్రతి రాతనూ, అంటే ఈమెయిలు, ఎస్సెమ్మెస్, పీడీఎఫ్, సీఎస్‌వీలను పట్టి ఇవ్వమనండి. ప్రతి నివేదికలోనూ ఫైలు పేరు, అందులోని పంక్తి సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. అవి లేని పేరాను నమ్మి ప్రణాళిక వేయకూడదు. ఈ నివేదికలు చదివాక పని రెండు ఫైళ్లతో ముగిసేదే అని తేలితే, ఒక్క ఏజెంటుకు అప్పగించి ఈ మార్గదర్శిని పక్కన పెట్టేయవచ్చు.

2. నిర్ణయాల ఫైలు రాయండి

ఇది మొత్తం పనికి ఆయువుపట్టు, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

పాత యాప్‌లో "పేరు 50 అక్షరాలకు మించరాదు" అనే నియమం ఉందనుకోండి. ఇంగ్లీషులో దానికి ఒకటే అర్థం. తెలుగులో "స్త్రీ" అనే మాటను తీసుకోండి. కంటికి కనిపించేది ఒక అక్షరం. యూనికోడ్ లెక్కలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిపి 6 కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్ విడివిడిగా సంఖ్య ఇచ్చిన గుర్తులు. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో దాచితే 18 బైట్లు. ఇక కంటికి కనిపించే అక్షరాలను లెక్కించే లైబ్రరీలను అడిగితే, 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు పాటించేవి 1 అంటాయి, అంతకు ముందరి నియమాలతో నడిచేవి 3 అంటాయి.

ఇప్పుడు తెరలు చేసే ఏజెంటు వాడేవారి సౌకర్యం చూసి కంటికి కనిపించే అక్షరాలను లెక్కించింది. డేటాబేస్ చూసే ఏజెంటు నిడివి నిర్దేశించిన పాత కాలమ్‌ను అలాగే వదిలేసింది, పోస్ట్‌గ్రెస్ అక్కడ కోడ్‌పాయింట్లను లెక్కిస్తుంది. రసీదు చేసే ఏజెంటు బైట్లను చూసి పేరును మధ్యలో తెగ్గోసింది. ముగ్గురి టెస్టులూ పచ్చగానే ఉన్నాయి. మెర్జ్‌లో ఒక్క ఘర్షణ కూడా రాలేదు. మొదటి పొడవాటి పేరు వచ్చిన రోజున ఫారం ఒప్పుకుంటుంది, డేటాబేస్ తిప్పికొడుతుంది, రోగికి అర్థం కాని ఎర్ర సందేశం ఒకటి కనిపిస్తుంది. ఇందులో ఏ ఏజెంటూ తప్పు చేయలేదు. అడగవలసిన ప్రశ్నను ముందే తేల్చనందువల్ల వచ్చిన తంటా ఇది.

ఇలాంటివి ఈ పనిలో మరికొన్ని ఉన్నాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌పాయింటుగానూ రాయవచ్చు, రెండు గుర్తుల జంటగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, వెతుకులాటలో మాత్రం ఒకదానితో మరొకటి కలవవు. పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు చొప్పించే కనబడని విభజన గుర్తు కూడా అంతే. ఎస్సెమ్మెస్ సంగతి ఇంకా సున్నితమైనది. ఇంగ్లీషు సందేశం ఒకే భాగంలో 160 అక్షరాలు పడితే, తెలుగు యూనికోడ్ సందేశం 70 యూనిట్లకే నిండుతుంది, పలు భాగాలైతే ఒక్కోదానికి 67 మాత్రమే. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వాణిజ్య ఎస్సెమ్మెస్ పాఠాన్ని టెలికాం ఆపరేటర్లు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదు చేయాలి. నమోదైన పాఠంతో సరిపోలని సందేశాన్ని ఆపరేటరు దగ్గరే ఆపేస్తారు. కనుక ఏజెంటు "మీ అపాయింట్‌మెంటు ఖరారైంది" అన్న వాక్యాన్ని చూసి ఇంకా మర్యాదగా ఉంటే బాగుంటుందని సొంతంగా సవరించిందంటే, కోడులో ఏ లోపమూ లేకుండానే సందేశాలు ఆగిపోతాయి.

ఇవన్నీ రిపాజిటరీలోనే, అంటే కోడు దాచే చోటే, ఒక ఫైలుగా పెట్టండి. ప్రతి ఏజెంటూ పని మొదలుపెట్టే ముందు దాన్ని చదివేలా ఏజెంట్స్ డాట్ ఎండీ వంటి సూచనల ఫైలులో ఒక వాక్యం రాయండి. నిర్ణయాలు ఇంత సూటిగా ఉండాలి:

> పేరు నిడివి: కోడ్‌పాయింట్లలో లెక్క, గరిష్ఠం 200. లెక్క ఉమ్మడి మాడ్యూల్‌లోని ఫంక్షన్‌తోనే జరగాలి, వేరే చోట నేరుగా నిడివి చూడరాదు.
> దాచే రూపం: ఎన్‌ఎఫ్‌సీ (జంట గుర్తులను ఒకే కోడ్‌పాయింటుగా కలిపే యూనికోడ్ రూపం). వెతుకులాటకు వేరే కాలమ్, అందులో కనబడని విభజన గుర్తులు తీసివేయాలి. అసలు పేరును మార్చరాదు.
> ఎస్సెమ్మెస్ పాఠాలు: నమోదైన పాఠాల ఫైలులో ఉన్నవి మాత్రమే. ఒక్క కామా కూడా మార్చరాదు.
> అనువాదం లేని వాక్యం: ఇంగ్లీషు పాఠం చూపాలి, ఖాళీ చూపరాదు. లాగ్‌లో హెచ్చరిక రాయాలి.

ప్రతి నిర్ణయం పక్కన కారణం ఒక వాక్యంలో ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే కారణం తెలిసిన ఏజెంటు మీరు ఊహించని సందర్భంలోనూ దానికి అనుగుణంగానే నడుస్తుంది. ఫైలు మాత్రం రెండు తెరలకు మించి పెరగనివ్వకండి.

ఉమ్మడి పలక మీద రాసుకొంటూ పలువురు నిపుణులు కలిసి పనిచేసే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మాటలను గుర్తించడానికి 1970లలో కార్నెగీ మెలన్‌లో తయారైన హియర్‌సే-2 వ్యవస్థలో ధ్వనులు తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్య నిర్మాణం తెలిసిన భాగం వేర్వేరుగా ఉండేవి. అవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోకుండా, తమ ఊహలను ఒక ఉమ్మడి నల్లబల్ల మీద పెట్టేవి. ఆ పరిశోధన బృందంలో మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన రాజ్ రెడ్డి ఉన్నారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకొన్న ఆయనే. ఏజెంట్లను ఒకే చాట్ గదిలో వదిలి చర్చించుకోమనే పద్ధతి కంటే ఈ నల్లబల్ల పద్ధతే కోడు పనికి నయం. చాట్‌లో అనుకొన్న మాట నాలుగు పేజీల కింద మరుగున పడిపోతుంది, ఫైలులో రాసింది గిట్ చరిత్రతో సహా నిలుస్తుంది.

3. ఒక్కో ఏజెంటుకు ఒక్కో పని పత్రం

పని పత్రంలో ఏం చేయాలో చెబితే సరిపోదు. ఏ ఫైళ్లు దానివి, ఏవి ముట్టుకోకూడదు, పని అయిందని ఎలా తెలుస్తుంది, ఎక్కడ ఆగి అడగాలి అన్న నాలుగూ ఉండాలి. రసీదు ఏజెంటుకు ఇవ్వదగ్గ పత్రం ఇలా ఉంటుంది:

> పని: రసీదు పీడీఎఫ్‌లో రోగి పేరు, పరీక్షల పేర్లు, చిరునామా తెలుగులో రావాలి.
> నీ ఫైళ్లు: రసీదుల ఫోల్డరు, దాని టెస్టులు.
> ముట్టుకోకూడనివి: డేటాబేస్ మార్పుల ఫోల్డరు, ప్యాకేజీల జాబితా, ఉమ్మడి మాడ్యూల్, అంగీకార టెస్టులు (పని కోరినట్టు అయిందో లేదో తేల్చేవి).
> పూర్తయిందనడానికి గుర్తు: అంగీకార టెస్టుల్లో రసీదు విభాగం పాసవ్వాలి, ఇచ్చిన ఎనిమిది పేర్లతో రసీదులు తయారుచేసి చిత్రాలుగా జతపరచాలి.
> ఆగవలసిన చోట: కొత్త లైబ్రరీ అవసరమనిపిస్తే; నిర్ణయాల ఫైలులో జవాబు లేని ప్రశ్న వస్తే; ఒకే టెస్టు రెండు ప్రయత్నాల్లో పాస్ కాకపోతే. ఆగినప్పుడు ప్రశ్నను, నీకు తోచిన రెండు దారులను రాసి ఉంచు.

చివరి అంశం లేకపోతే మిగతావన్నీ ఉన్నా ప్రయోజనం తక్కువ. ఆగమని చెప్పని ఏజెంటు ఎలాగోలా పూర్తి చేసే దారి వెతుకుతుంది, ఆ దారి ముట్టుకోకూడని ఫైలు గుండా వెళ్లినా దానికి పట్టదు.

పని పరిమాణం విషయంలో ఒక కొలమానం పెట్టుకోండి. దాని నుంచి వచ్చే పుల్ రిక్వెస్టును, అంటే మెర్జ్ చేయమని పంపే మార్పుల కట్టను, మీరు ఒక్క కూర్చోవడంలో శ్రద్ధగా చదవగలగాలి. చదవలేనంత పెద్దదైతే పత్రాన్నే రెండుగా చీల్చండి.

4. ఎవరి గది వారికి

ఒక్కో ఏజెంటుకు ఒక్కో ఫోల్డరు, ఒక్కో బ్రాంచి (గిట్‌లో విడిగా సాగే మార్పుల దారి) ఉండాలి. 2015లో గిట్ 2.5తో వచ్చిన వర్క్‌ట్రీ సదుపాయం దీనికి సరిగ్గా సరిపోతుంది. "గిట్ వర్క్‌ట్రీ యాడ్" ఆదేశంతో ఒకే రిపాజిటరీకి పక్కపక్కన ఎన్ని పని ఫోల్డర్లయినా తెరుచుకోవచ్చు. ఒకే బ్రాంచిని రెండు ఫోల్డర్లలో తెరవనివ్వదు, మనకు కావలసిందీ అదే.

అయితే వర్క్‌ట్రీ వేరుచేసేది ఫైళ్లను మాత్రమే. మిగతావి మీరు వేరుచేయాలి. గిట్ చూడని ఫైళ్లు, అంటే సెట్టింగులు, పాస్‌వర్డులు ఉండే ఎన్విరాన్‌మెంటు ఫైలు, దించుకొన్న ప్యాకేజీల ఫోల్డరు కొత్త వర్క్‌ట్రీలోకి రావు. వాటిని సిద్ధం చేసే చిన్న స్క్రిప్టు ఒకటి ముందే రాసి ఉంచండి. యాప్‌ను నడిపి చూసే డెవ్ సర్వరు పోర్టు ఒక్కో ఏజెంటుకు ఒక్కోటి కేటాయించండి. కేటాయించకపోతే జరిగేదేమిటంటే, రెండో ఏజెంటుకు పోర్టు ఖాళీ లేదని సందేశం వస్తుంది, అది ఆ పోర్టు పట్టుకొన్న ప్రక్రియను చంపేసి తన సర్వరును లేపుకొంటుంది, మొదటి ఏజెంటు తన కోడులోనే ఏదో లోపముందనుకొని బాగున్నదాన్ని మార్చడం మొదలుపెడుతుంది. డేటాబేస్ కూడా ఒక్కోదానికి ఒక్కోటి ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో నమూనా డేటాబేస్‌ను టెంప్లేటుగా పెట్టి నకళ్లు తీయడం చాలా తేలిక, కాకపోతే నకలు తీసే సమయంలో మూలానికి ఇంకెవరూ కనెక్టయి ఉండకూడదు.

పూర్తికాని మార్పులను పక్కన దాచే గిట్ స్టాష్‌ను ఏజెంట్లకు నిషేధించండి. వర్క్‌ట్రీలు వేరైనా స్టాష్ మొత్తం రిపాజిటరీకి ఒకటే. ఒక ఏజెంటు దాచుకొన్నదాన్ని మరొకటి తనదనుకొని తన ఫోల్డరులో విప్పుకొనే అవకాశం ఉంది. సగం పనిని దాచాలంటే తాత్కాలిక కమిట్ (గిట్‌లో నమోదు) చేయమనండి.

ఉమ్మడిగా ఉండక తప్పని ఫైళ్లు కొన్ని ఉంటాయి. ప్యాకేజీల వెర్షన్లను ఖాయం చేసే లాక్ ఫైలు, డేటాబేస్ మార్పుల వరుస సంఖ్యలు, యాప్ చిరునామాల (రూట్ల) జాబితా, అనువాదాల పెద్ద ఫైలు అలాంటివి. వీటిలో ఒక్కోదానికి ఒక్క ఏజెంటునే యజమానిగా పెట్టండి. రెండు ఏజెంట్లు ఒకే సంఖ్యతో డేటాబేస్ మార్పులు రాస్తే విడదీయడానికి పట్టే సమయం, పంచడం వల్ల మిగిలిన సమయాన్ని మింగేస్తుంది. అనువాదాల ఫైలును తెరకొకటి చొప్పున ముందే విడగొట్టేస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

5. పని ఎవరు పట్టుకొన్నారో కనిపించాలి

మూడు నాలుగు ఏజెంట్లకు మీరే పత్రాలు పంచుతున్నప్పుడు ఈ అడుగు దాటేయవచ్చు. ఏజెంట్లే జాబితా నుంచి పని తీసుకొనే ఏర్పాటు చేస్తే మాత్రం తాళం వంటిది ఒకటి కావాలి. 2026 ఫిబ్రవరిలో ఆంత్రోపిక్ పరిశోధకుడు నికొలస్ కార్లీని 16 ఏజెంట్ల చేత రస్ట్ భాషలో సీ కంపైలర్ (సీ కోడును యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాము) రాయించిన ప్రయోగాన్ని ప్రచురించాడు. అక్కడి తాళం చాలా సాదా ఏర్పాటు. పని తీసుకొన్న ఏజెంటు ఒక ఫోల్డరులో ఆ పని పేరుతో చిన్న టెక్స్టు ఫైలు పెట్టి పుష్ చేస్తుంది, అంటే ఉమ్మడి రిపాజిటరీకి పంపుతుంది. ఇద్దరు ఒకే పని పట్టుకొంటే రెండోవాడి పుష్‌ను గిట్ తిప్పికొడుతుంది, వాడు వేరే పని చూసుకొంటాడు.

ఆ ప్రయోగంలో నేర్చుకోదగ్గ విషయం తాళం కంటే కూడా తరువాత ఎదురైన ఇబ్బందిలో ఉంది. విఫలమైన టెస్టులు వందలుగా ఉన్నంతకాలం ఏజెంట్లు తలా ఒకటి తీసుకొని హాయిగా సాగాయి. లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేసే దశకు వచ్చేసరికి అది ఒకే పెద్ద పనైంది, అన్నీ ఒకే లోపం దగ్గరికి చేరి, తలా ఒక రకంగా సరిచేసి, ఒకదాని మార్పును మరొకటి చెరిపేశాయి. దానికి విరుగుడుగా కెర్నల్ ఫైళ్లలో ఎక్కువ భాగాన్ని ముందునుంచీ ఉన్న జీసీసీ కంపైలరుతో, యాదృచ్ఛికంగా ఎంచిన కొన్నింటిని మాత్రమే తమ కంపైలరుతో కంపైల్ చేసే ఏర్పాటు జరిగింది. అప్పుడు ఒక్కో ఏజెంటుకు ఒక్కో చోట లోపం ఎదురైంది, పని మళ్లీ విడిపోయింది. మన యాప్‌లో దీనికి సాటి ఏమిటంటే, "తెలుగులో మొత్తం బుకింగ్ పని చేయాలి" అన్న ఒక్క పెద్ద టెస్టు మీద అందరినీ పెట్టకుండా, మిగతా భాగాలు పాత ఇంగ్లీషు దారిలోనే నడుస్తుండగా ఒక్క భాగాన్ని తెలుగుకు మార్చి పరీక్షించే స్విచ్చులు పెట్టడం.

6. టెస్టులు, రివ్యూ: రాసినవాడి చేతిలో పెట్టకండి

అంగీకార టెస్టులను పని పంచక ముందే రాయించండి. మీరు రాసినా సరే, రాసే ఏజెంట్లతో సంబంధం లేని మరో ఏజెంటు రాసినా సరే. ఆ ఫోల్డరులో ఏ మార్పు కనిపించినా, ప్రతి మార్పునూ తానే పరీక్షించే సీఐ వ్యవస్థ బిల్డును ఆపేయాలి. టెస్టు పాస్ కావాలన్న ఒత్తిడిలో ఏజెంటు టెస్టునే సడలించడం, దాటవేయడం, ఆ ఒక్క ఇన్‌పుట్‌కు సరిపోయే జవాబును కోడులో రాసేయడం తరచుగా కనిపించేవే. చేయవద్దని సూచనల్లో రాయడం కంటే, చేసినా చెల్లని ఏర్పాటు మేలు.

టెస్టుల్లో వాడే పేర్లు ఏరి పెట్టుకోండి. "శ్రీలక్ష్మి" వంటి జంట ఒత్తుల పేరు, ఐత్వాన్ని రెండు రకాలుగా రాసిన ఒకే పేరు, కనబడని విభజన గుర్తు ఉన్నదీ లేనిదీ, ఇంటిపేరుతో కలిపి బాగా పొడవైనది, ఇంగ్లీషు పొడి అక్షరాలు తెలుగు పేరుతో కలిసినది. ఇవన్నీ కల్పిత పేర్లే కావాలి. పరీక్షల కోసం అసలు రోగుల వివరాలను నకలు తీసి ఏజెంట్ల ముందు పోయకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, అది రోగి నమ్మకానికి సంబంధించిన విషయం.

పీడీఎఫ్ విషయంలో యంత్రం చేసే పరీక్షను పూర్తిగా నమ్మలేం. ఒత్తులను కూర్చే షేపింగ్ జరగని లైబ్రరీతో తయారైన రసీదులో "శ్రీ" అన్నది పొల్లుతో శకారంగా, దాని పక్కన విడిగా "రీ"గా విడిపోయి కనిపిస్తుంది. లోపలి టెక్స్టును బయటికి తీసి పోల్చే టెస్టు మాత్రం కోడ్‌పాయింట్లు సరిగ్గానే ఉన్నాయని పాస్ చేసేస్తుంది. అందుకే పని పత్రంలో చిత్రాలు అడిగాం. వాటిని తెలుగు చదవగలిగిన మనిషే చూడాలి.

రివ్యూ చేసే ఏజెంటు కొత్త సెషన్‌లో మొదలవ్వాలి. దానికి నిర్ణయాల ఫైలు, పని పత్రం, మార్పుల డిఫ్ (మారిన పంక్తుల జాబితా), ఈ మూడే ఇవ్వండి. రాసిన ఏజెంటు సంభాషణ మొత్తం చూపిస్తే అది చెప్పుకొన్న సమర్థనలను ఇదీ నమ్మేస్తుంది. మరో వైపు ప్రమాదం కూడా ఉంది. లోపాలు వెతకమంటే ఏజెంటు ఏదో ఒకటి వెతికి తీరుతుంది, పేర్లు బాగాలేవనీ కామెంట్లు చాలవనీ ఇరవై అంశాలు రాస్తుంది. వాటన్నిటినీ రాసిన ఏజెంటు దిద్దడం మొదలుపెడితే డిఫ్ రెట్టింపవుతుంది, విషయం పక్కదారి పడుతుంది. కాబట్టి నిర్ణయాన్ని మీరిన చోటు లేదా తప్పు ఫలితమిచ్చే ఇన్‌పుట్ చూపగలిగితేనే రాయమని, మిగిలినవి వదిలేయమని చెప్పండి.

7. మెర్జ్: ఒకసారికి ఒకటే

ఉమ్మడి మాడ్యూల్, డేటాబేస్ మార్పులు ముందు మెర్జ్ కావాలి. నిజానికి ఇవి మెర్జ్ అయ్యాకే మిగతా ఏజెంట్లను మొదలుపెట్టడం ఉత్తమం. తరువాత వెతుకులాట, ఆపై తెరలు, చివర రసీదు, ఎస్సెమ్మెస్. ఒక్కో మెర్జ్ తరువాత మిగిలిన బ్రాంచీలన్నీ కొత్త మెయిన్ (ప్రధాన బ్రాంచి) మీదికి రీబేస్ అయి, అంటే వాటి మార్పులు దాని పైన మళ్లీ పేర్చబడి, మొత్తం టెస్టులు మళ్లీ నడవాలి. నాలుగు బ్రాంచీలను ఒకేసారి కలిపి, విరిగినప్పుడు ఎవరి వల్ల విరిగిందో వెతుక్కోవడం కంటే ఇది ఎంతో తొందరగా తెములుతుంది.

ఘర్షణ వస్తే వెనుక వచ్చిన బ్రాంచి యజమానికే దాన్ని అప్పగించండి, కానీ అవతలి పని పత్రాన్ని కూడా చేతికివ్వండి. అవతలి మార్పు ఎందుకు వచ్చిందో తెలియని ఏజెంటు తన వైపును ఉంచి ఎదుటిదాన్ని తుడిచేసే అవకాశమే ఎక్కువ.

గిట్‌కు కనబడని పొంతన లోపాల కోసం చివర్లో ఒక ప్రత్యేక తనిఖీ పెట్టండి. నిర్ణయాల ఫైలులోని ఒక్కో వాక్యాన్ని తీసుకొని, దాన్ని మీరిన చోట్లు కోడు మొత్తంలో ఎక్కడైనా ఉన్నాయా అని చదివే అనుమతి మాత్రమే ఉన్న ఏజెంటు చేత వెతికించండి. ఉమ్మడి ఫంక్షన్‌ను దాటి పేరు నిడివిని నేరుగా చూసిన చోటు ఏదైనా దొరికితే, దాన్ని సరిచేయడంతో ఆపకుండా, కోడును నియమాలతో తనిఖీ చేసే లింటరులో నియమంగా రాసేయండి. అప్పుడు తరువాత వచ్చే ఏజెంటు నిర్ణయాల ఫైలు చదవకపోయినా ఆ తప్పు చేయజాలదు.

8. పర్యవేక్షణ, అనుమతులు, ఖర్చు

ఎన్ని ఏజెంట్లు నడపాలన్నది మీ యంత్రం శక్తిని బట్టి కాదు, మీరు ఎంత కోడు శ్రద్ధగా చదవగలరన్నదాన్ని బట్టి తేలుతుంది. ఒక్క మనిషికి మూడు, మహా అయితే నాలుగు. ఆపైన రివ్యూకి ఎదురుచూసే బ్రాంచీలు పాతబడి, రీబేస్ పనే ఎక్కువైపోతుంది.

ఒక ఏజెంటు దారి తప్పిందనిపించినప్పుడు సంభాషణలో దిద్దుబాట్లు పేర్చుకుంటూ పోకండి. సెషన్ పొడవయ్యేకొద్దీ పాత తప్పు ఊహలు అందులోనే పేరుకొని ఉంటాయి. పని పత్రంలో లోపించినదేమిటో గుర్తించి, పత్రాన్ని సరిచేసి, కొత్త సెషన్‌లో మొదలుపెట్టడం చవక. పని నిజంగా ఎక్కువ సేపు సాగేదైతే, సెషన్ మారేముందు ఏం అయింది, ఏం మిగిలింది, ఏది ప్రయత్నించి విఫలమైంది అన్న మూడు విషయాలతో అప్పగింత పత్రం రాయించండి. మూడోది లేకపోతే కొత్త సెషన్ అదే గోడకు మళ్లీ తల కొట్టుకుంటుంది.

ఏజెంట్లను బయటి ఉపకరణాలతో కలపడానికి 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ, ఏజెంట్ల మధ్య సంభాషణకు 2025 ఏప్రిల్‌లో గూగుల్ ప్రకటించిన ఏ2ఏ వంటి ప్రోటోకాల్స్ గురించి చాలా మంది ముందే అడుగుతారు. ఒకే రిపాజిటరీ మీద ఒకే బృందం పనిచేస్తున్నప్పుడు ఏ2ఏ అవసరం లేదు, ఫైళ్లు, గిట్ చాలు. ఎంసీపీని మాత్రం ఇష్యూల జాబితా, బ్రౌజరు వంటివి అందించడానికి కొలిచి వాడుకోవచ్చు. ఆ అందించడంలోనే ప్రమాదమూ ఉంది. రహస్య సమాచారం చూడగలగడం, బయటివారు రాసిన పాఠం చదవడం, బయటికి ఏదైనా పంపగలగడం, ఈ మూడూ ఒకే ఏజెంటు చేతిలో చేరకూడదని ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ 2025లో హెచ్చరించాడు. ఎవరో ఇష్యూలో రాసిన వాక్యాన్ని ఏజెంటు ఆదేశంగా తీసుకొనే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డు, ఎస్సెమ్మెస్ గేట్‌వే అసలు కీ ఏ వర్క్‌ట్రీలోనూ ఉండకూడదు. ఎస్సెమ్మెస్ ఏజెంటుకు సందేశాన్ని ఫైలులో రాసి ఊరుకొనే నకిలీ గేట్‌వే చాలు, మెయిన్‌లోకి పుష్ చేసే హక్కు ఏ ఏజెంటుకూ అక్కర్లేదు.

ఖర్చును ఏజెంటువారీగా కాకుండా మెర్జ్ అయిన పుల్ రిక్వెస్టువారీగా లెక్కించుకోండి. వెతికే పనులకు చవకైన చిన్న మోడల్, ప్రణాళికకు, రివ్యూకు పెద్ద మోడల్ పెట్టడం సాధారణంగా గిట్టుబాటవుతుంది. ప్రతి సెషన్‌కూ గరిష్ఠ పరిమితి పెట్టి, అది దాటితే ఆగి నివేదిక రాయమనండి.

అన్నీ మెర్జ్ అయ్యాక వర్క్‌ట్రీలను "గిట్ వర్క్‌ట్రీ రిమూవ్"తో తీసేసి, బ్రాంచీలు, నకలు డేటాబేస్‌లు చెరిపేయండి. పని పత్రాలను పుల్ రిక్వెస్టులకు జతచేసి, రిపాజిటరీ నుంచి తొలగించండి. లేకపోతే వచ్చే నెల మరో పని మీద వచ్చిన ఏజెంటు వాటిని ఇంకా అమల్లో ఉన్న ఆదేశాలుగా చదువుకొంటుంది. నిర్ణయాల ఫైలులో లింటరు నియమాలుగా మారిన వాక్యాలను కొట్టేసి, మిగిలినవాటిని సూచనల ఫైలులోకి చేర్చి, ఎస్సెమ్మెస్ పాఠాలు డీఎల్‌టీలో నమోదైనవాటితో అక్షరం అక్షరం సరిపోలుతున్నాయో లేదో మరొక్కసారి మనిషి కంటితో చూశాక రిలీజ్ ట్యాగు వేయండి.